బాణం తగిలిన తర్వాత

ద్రోణుడు పెట్టిన పరీక్ష కథని ముప్పై ఏళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. చెట్టు మీద పక్షి. ఏం కనబడుతోందని గురువు అడిగాడు. ఒకరికి చెట్టు, ఒకరికి కొమ్మ, ఒకరికి పక్కనున్న అన్నదమ్ములు కనబడ్డారు. అర్జునుడికి మాత్రం పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనబడలేదు. ఏకాగ్రత పాఠానికి ఇంతకంటే మంచి కథ లేదని పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళూ అనుకుంటారు, తల్లిదండ్రులూ అనుకుంటారు. కానీ భారతంలో అది బొమ్మ పక్షి. దానికి నెత్తురు కారదు. బాణం తగిలాక లేచి పొదల్లోకి పారిపోదు. కొట్టినవాడు వెతుక్కుంటూ పోవలసిన పని లేదు. ఆ సౌకర్యం ఉండబట్టే కథ కన్ను దగ్గర మొదలై కన్ను దగ్గరే అయిపోతుంది.

నిజం వేటలో విల్లు పట్టినవాళ్ళెవరూ కన్ను మీద గురిపెట్టరట. ఈ సంగతి నాకు మాడుగులపల్లిలో తెలియలేదు. మా వైపు ఎడమ కాలువ నీళ్ళు పారి, జొన్న చేలు పోయి వరి మళ్ళు వచ్చాక జింకల మాట మా అమ్మమ్మ జ్ఞాపకాల్లో మాత్రమే మిగిలింది. చేలల్లో మందలు మందలుగా మేసేవని, మనిషి అలికిడైతే గాల్లోకి ఎగిరి పోయేవని చెప్పేది. నాకు చెప్పినవాడు మా చెల్లెలి కొడుకు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టి అక్కడే పెరిగిన పిల్లవాడు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న నల్లగొండ తెలుగు తప్ప వేరే తెలుగు రాదు. అక్కడ తెల్లతోక జింకలు పంటల మీద పడేంతగా, రోడ్ల మీద కార్లకి తగిలేంతగా ఉన్నాయి. తోడేళ్ళూ పెద్ద పిల్లులూ చాలా చోట్ల లేవు. ప్రభుత్వమే లెక్క చూసి, లైసెన్సులిచ్చి వేటాడిస్తుంది. విల్లు వేట సెప్టెంబరు నడుమ మొదలవుతుంది. స్నేహితులతో పాటు ఇతనూ తరగతులకి పోయి నేర్చుకున్నాడు. మా చెల్లెలు నెల రోజులు మాట్లాడలేదు.

అతను చెప్పిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. తుపాకి గుండు దెబ్బ అదురుతో కూడా చంపుతుంది. బాణం అట్లా చంపదు. ములికి లోపలి నాళాలని కోస్తుంది, నెత్తురు పోయి జంతువు పడిపోతుంది. అందుకని గురి ముందుకాలి వెనక ఛాతీ మీద పెట్టాలి. గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటది. జింక పక్కకి తిరిగి నిలబడి ఉండాలి, లేదా కాస్త అవతలికి తిరిగి ఉండాలి. మనకెదురుగా నిలబడి మన వైపే చూస్తుంటే విడవకూడదు, రొమ్ము ఎముకలు అడ్డం. తల మీద అసలే కొట్టకూడదు. చిన్నది, ఊరికే కదులుతుంటుంది, పుర్రె గట్టిది. దవడకి తగిలితే మేయలేక రోజుల తరబడి తిరిగి చస్తుంది. మంచె మీద కూర్చుని 20, 30 గజాల లోపు వచ్చేదాకా ఆగాలి. రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతే క్షణాల్లో, వంద గజాల లోపే పడిపోతుంది.

ఇంతవరకూ వింటే గురి కుదిరితే చాలనిపిస్తుంది. కానీ శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. ఇప్పటి కప్పీల విల్లు నుంచి వచ్చే బాణం 90 మీటర్లకి అటూ ఇటూ పోతుంది. నారి చప్పుడు బాణం కంటే ముందే జింక చెవిలో పడుతుంది. బెదిరిన జింక ఎగరడానికి ముందు కాళ్ళు మడిచి ఒళ్ళు కిందికి దించుతుంది. ఆ సెకనులో ఐదో వంతులో, గుండె ఉన్న చోట గుండె ఉండదు. అంటే ఎంత నేర్పరి అయినా, ఎంత నిదానస్తుడైనా, బాణం వదిలిన తర్వాత కొంత భాగం అతని చేతిలో ఉండదు. ఈ మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. చేతిలో లేని దానికి బాధ్యత ఎవరిది? ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ ప్రశ్నకి 1963లో జింకల చట్టం ఒక జవాబిచ్చింది, జింక మీద బాణమే వేయొద్దని. అమెరికా రాష్ట్రాలు వేరే జవాబిచ్చాయి, వేయి, కానీ వేశాక దాన్ని వెతికి పట్టుకోవడానికి చేయగలిగినదంతా చెయ్యి అని.

పోయిన అక్టోబరులో ఒకరోజు ఇక్కడ తెల్లారి ఆరున్నరకి ఫోన్ వచ్చింది. అక్కడ రాత్రి ఎనిమిది. పొద్దుగూకే వేళ ఆడజింక మీద బాణం వేశాడు. తగిలింది, కానీ జింక వీపు వంచి, కుంటినట్టు నడిచి పొదల్లోకి పోయింది.

“అంబు దొరికిందా?” అన్నాను.

“దొరికింది పెద్దమ్మా. నెత్తురు తక్కువుంది. పచ్చపచ్చగ అంటుకున్నది. వాసన.”

“ఎసొంటి వాసన?”

“పండక్కి నువ్వు బోటి కడుగుతుంటె వస్తదే, అట్ల.”

పదేళ్ళప్పుడు వచ్చి దసరా చూసిపోయిన పిల్లవాడికి ఆ వాసన గుర్తుంది. కడుపులో తగిలిందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలియడం చూసి అతను ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోలేదు. యాటని కోసేది మగవాళ్ళు. కోసి, తోలు తీసి, వేటకొడవలి కడుక్కుని పోతారు. పేగులు తిరగేసి సున్నం రాసి కడిగేది, కార్జం మీది చేదుతిత్తిని చిట్లకుండా గిల్లి తీసేది, ఊపిరితిత్తులు ఎంత మెత్తగా నురగగా ఉంటాయో చేతికి తెలిసేది ఆడవాళ్ళకి. వాళ్ళ తరగతిలో గోడకి వేలాడదీసి చూపించిన జింక లోపలి బొమ్మని మా అమ్మ, అత్తమ్మ, వాడలో పెళ్ళిళ్ళకి బోటి కడగడానికి పిలిపించుకునే ఆడవాళ్ళు చూడకుండానే గీయగలరు. ఆ తెలివిని విద్య అని ఎవరూ అనలేదు. పేగులు కడగడం అంటే ముక్కు మూసుకునే పని. అదే తెలివి మంచె మీద కూర్చున్న మగవాడి దగ్గరుంటే దానికో పేరు, ఒక తరగతి, ఒక సర్టిఫికెట్.

లేత గులాబీ రంగు నురగ నెత్తురైతే ఊపిరితిత్తులు. అరగంట ఆగి పోతే చాలు. నల్లగా చిక్కగా ఉంటే కార్జం, నాలుగైదు గంటలు. పచ్చగా వాసన వేస్తే కడుపు. ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు ఆగాలి. వెంటనే వెంటబడితే పడుకున్న జింక లేస్తుంది, ఇంకో మైలు పోతుంది, జాడ దొరకదు. కాబట్టి సరైన పని ఇంటికిపోయి కూర్చోవడం. అక్కడ ఒక ప్రాణి కడుపులో చిల్లితో చీకట్లో పడుకుని ఉంటుంది. దాన్ని ఆ స్థితిలోకి తెచ్చినవాడు టీ తాగుతూ గడియారం చూడాలి. “పోత పెద్దమ్మా, లైటు తీసుకుని ఇప్పుడే పోత” అని ఏడ్చాడు. పోవద్దన్నాను. అట్లా అనడానికి నాకేం హక్కుందో తెలియదు గానీ, తొందరపాటులో ఉన్నది జింక మీది జాలి కాదని, తన బాధ తీరడమని నాకనిపించింది. మనసు తేలికపడడానికి చేసే పని, ఎదుటిప్రాణికి మేలు చేసే పని ఒకటి కావు. ఇళ్ళల్లో చెయ్యి చేసుకున్న మగవాళ్ళు మర్నాడు పొద్దున ఏడ్చే ఏడుపు చూసినవాళ్ళకి ఈ తేడా వివరించక్కర్లేదు.

తెల్లారాక నలుగురు పోయారు. నెత్తురు చుక్క కనబడ్డ చోటల్లా కొమ్మకి కాగితం ముక్క కట్టారు. జాడ మీద నడవకుండా పక్కన నడిచారు. అరవై గజాల తర్వాత చుక్కలు ఆగిపోయాయి. అక్కడినుంచి విరిగిన గడ్డి, తిరగబడ్డ ఆకు, మట్టిలో లోతుగా దిగిన గిట్టలు. కడుపులో దెబ్బతిన్న జింక తరచు నీళ్ళవైపు పోతుందట. వాగు ఒడ్డున దొరికింది. చచ్చిపోయి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని అతను చెప్పాడు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు. రాత్రి చాలాసేపు బతికే ఉంది.

“నేను చేసింది తప్పేనా పెద్దమ్మా?”

ఇది వేట తప్పా కాదా అన్న ప్రశ్న కాదు. మాంసం తినే ఇంట్లో పుట్టినదాన్ని, నేను ఆ ప్రశ్నలో పెద్దరికం చేయలేను. కేరల్ ఆడమ్స్ 1990లో రాసిన పుస్తకంలో మాంసాహారాన్నీ మగతనాన్నీ ఒకే తాటికి కట్టింది. తినే ముక్కలో జంతువు కనబడకుండా పోయినట్టే చూసే చూపులో స్త్రీ కనబడకుండా పోతుందని ఆమె వాదన. ఆ రెండో సగంతో నాకు పేచీ లేదు. మొదటి సగాన్ని మన ఊళ్ళకి తెచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. ఇక్కడ ఎవరు ఏ మాంసం తింటే హీనం అన్నది కులం నిర్ణయించింది. శాకాహారాన్ని కరుణ అని పిలిచే ఇళ్ళు పశువుని కోసినవాళ్ళని వాకిట్లోకి రానివ్వలేదు. అంగడిలో కోడిని తూకం వేయించుకునే నేను, చలిలో మంచె మీద కూర్చుని ఒక్క జింకని కొట్టి ఏడాదంతా తినేవాడికి నీతి చెప్పలేను. ప్రశ్న చిన్నది. గాయం చేసినవాళ్ళు గాయాన్ని వెంబడించి చివరిదాకా పోవాలా? పోతే ఏమవుతుంది?

మన కావ్యాల్లో వేట లేని రాజు లేడు. వాళ్ళలో ఎందరు జాడ వెంట నడిచారో చూడండి. దశరథుడు యువరాజుగా ఉండగా రాత్రిపూట సరయూ ఒడ్డున కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. చూడకుండా శబ్దాన్ని బట్టి కొట్టడం అతని గొప్ప. నేను కథలో ఆ తర్వాతి భాగాన్నే ఎక్కువ గౌరవిస్తాను. మనిషి గొంతు విని అతను చప్పుడు వచ్చిన చోటికి పోయాడు. పిల్లవాడు అడిగితే బాణం పీకాడు, ప్రాణం పోయింది. అదే కుండలో నీళ్ళు నింపుకుని గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి నడిచి తాను చేసిందేమిటో తన నోటితో చెప్పాడు. శాపం తగులుతుందని తెలిసీ పోయాడు. సగమే గౌరవిస్తాను. ఎందుకంటే ఆ కథ కౌసల్యకి అతను చెప్పింది తాను పోయే రాత్రి, ఆమె కొడుకు అడవులకి పోయిన తర్వాత.

పాండురాజు అట్లా కాదు. జత కట్టిన జింకల మీద బాణాలు వేశాడు. ఆ జింక కిందముడనే ముని. రాజులు జింకలని చంపడం ధర్మమేనని పాండురాజు వాదనకి దిగాడు. ముని జవాబు నాకు చాలా ఇష్టం. చంపినందుకు నిన్ను అనడం లేదు, ఈ క్షణంలో కొట్టినందుకు అంటున్నాను, ఆగి ఉండవలసింది అంటాడు. ఎప్పుడు విడవకూడదో తెలియడమే వేటలో నీతి. ఈనాటి విల్లు వేట తరగతిలో చెప్పేదీ అదే. అయితే ఆ బాణానికి వడ్డీ కట్టింది ఎవరు? శాపంతో సంసారం పోయిన ఇద్దరు భార్యలు. అతను ఆగలేకపోయిన రోజున చితి ఎక్కింది మాద్రి. గురి మగవాడిది, తర్వాతిదంతా ఆడవాళ్ళది.

ఇక బంగారు లేడి. మా వైపు ఆడపిల్ల గాజులకోసం మారాం చేసినా బంగారు లేడి సామెతై ఎదురొస్తుంది. వాల్మీకి రామాయణం చదివితే లేడిని చూసి మురిసింది సీత ఒక్కతే కాదు. లక్ష్మణుడు అది మారీచుడని హెచ్చరించినా, రాజులు మాంసానికీ వినోదానికీ మృగాలని వేటాడతారని రాముడే అంటాడు. తనూ ఆ చర్మాన్ని మెచ్చుకుంటాడు. బాణం తగిలిన మారీచుడు రాముడి గొంతుతో అరిచి పడిపోయాక, కీడు శంకించి కూడా రాముడు దారిలో ఇంకో జింకని కొట్టి మాంసం తీసుకుని మరీ ఇంటికి బయల్దేరతాడు. వెయ్యేళ్ళుగా కథ చెప్పినవాళ్ళకి ఆ రెండో జింక కనబడలేదు. సీత కోరిక మాత్రం కనబడింది. వేటాడే మగవాడి కోరికకి ధర్మం అని పేరు, చూసిన ఆడదాని కోరికకి ఆశ అని పేరు.

మనుచరిత్ర మాట కూడా ఇక్కడ ఎత్తాలి. స్వరోచి వేటలో ఒక ఆడలేడి తనంతట తానే ఎదురొచ్చి బాణం తన మీద వేయమంటుంది. తర్వాత వనదేవతగా మారి అతని బిడ్డని కంటుంది. కొట్టేవాళ్ళు రాసుకున్న కథల్లో లేళ్ళకి ఇట్లాంటి కోరికలే ఉంటాయి. స్త్రీని లేడికన్నులదని పొగిడిన కవి పక్క పద్యంలోనే లేడిని కొడతాడు. రెండూ ఒకే చూపు కావచ్చునన్న అనుమానం మనకి రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది.

వేట మగవాడి పని, ఆ పనివల్లే మనిషి మనిషయ్యాడన్న సిద్ధాంతం మీద 1966లో షికాగోలో పెద్ద సదస్సు జరిగింది. దాని మీద శాలీ స్లోకం 1971లోనే ధ్వజమెత్తింది. తర్వాత ఫిలిప్పీన్స్ అడవుల్లో అగ్తా స్త్రీలు విల్లంబులతో, కుక్కలతో జింకలనీ పందులనీ వేటాడుతున్నారని పరిశోధకులు రాశారు. పెరూ కొండల్లో తొమ్మిది వేల ఏళ్ళ నాటి యువతి సమాధిలో వేట పనిముట్లు దొరికాయని 2020లో ప్రకటించారు. సంతోషమే. కానీ మనమూ కొట్టగలం అని నిరూపించుకోవడంతో నాకు తృప్తి లేదు. గురిలో సమానత్వం వచ్చినా జాడ ఎవరు తీస్తారన్నది మిగిలే ఉంటుంది.

మా జిల్లాకి దక్షిణాన, దేవరకొండ దాటాక నల్లమల మొదలవుతుంది. అక్కడి చెంచుల్ని 1940లో హైమెండార్ఫ్ చూసి 1943లో పుస్తకం వేశాడు. విల్లంబులు పట్టుకున్న చెంచు ఫొటోలు అందరికీ తెలుసు. ఆ పుస్తకంలోనే ఉన్నది, వాళ్ళ కడుపు నింపింది ప్రధానంగా వేట కాదని, తవ్వుకోలతో తవ్వి తెచ్చుకున్న గడ్డలూ దుంపలూ పండ్లని. ఎండిన తీగ కొస పట్టుకుని నేలలో గడ్డ ఎంత లోతున ఉందో చెప్పడం కూడా జాడ తీయడమే. దానికి విల్లంత పేరు రాలేదు, నాటకాల్లో పాట రాలేదు. చెంచులక్ష్మిని సినిమాల్లో విల్లుతోనే చూశాం గానీ తవ్వుకోలతో చూడలేదు.

1972 వన్యప్రాణి చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. పోవలసిందే. అడవిని ఖాళీ చేసింది పెంట మీది విల్లంబులు కాదు, దొరల తుపాకులూ జీపులూ అని నేను నమ్ముతాను, అయినా చట్టం వద్దనలేను. విల్లు పోయింది. జాడ తీసే కన్ను మాత్రం అటవీశాఖకి పనికొచ్చింది. పులి అడుగు తడి ఆరిందా లేదా, వంగిన గడ్డి ఎప్పుడు వంగింది, ఉచ్చు పెట్టినవాడు ఎటు పోయాడు, ఇవన్నీ చదవడానికి ఆ శాఖ చెంచులనే కాపలాకి పెట్టుకుంటోంది. గురి లేని జాడ ఉండగలదని నాకు మొదట తోచింది ఈ సంగతి తెలిసినప్పుడు.

మరి జాడ లేని గురి? అది కూడా ఉంది, మన పొలాల గట్ల మీదే. ఇప్పుడు మా ప్రాంతాల్లో దొంగవేటకి విల్లెవరూ పట్టరు. బైండింగు వైరుతో ఉచ్చు బిగిస్తారు. లేదా కరెంటు తీగ నేలకి జానెడు ఎత్తున లాగి ఇంటికిపోయి పడుకుంటారు. పందికని పెడతారు, జింక పడుతుంది, చిరుత పడుతుంది, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి కూడా పడతాడు. ఇట్లాంటి చావులు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్తలవుతాయి. తీగ పెట్టినవాడు ఎవరినీ గురి చూడలేదు కాబట్టి ఎవరినీ చంపలేదనుకుంటాడు. అతను క్రూరుడు కాకపోవచ్చు. పంట పోతే అప్పు మిగిలే రైతు కావచ్చు. కానీ అతని పనిలో, చేసినవాడికీ జరిగినదానికీ మధ్య దారి లేదు. చుక్క చుక్కగా వెనక్కి నడిచి చేరగలిగిన దారి.

మా పిల్లవాడి ప్రశ్నని ఈ తీగ పక్కన పెట్టి చూస్తే నాకు కొంత తేటపడింది. జాడ వెంట పోయినంత మాత్రాన చేసింది చెల్లిపోదు. ఆ ఆడజింకకి తెల్లారి జరిగిన వెతుకులాట ఏమీ ఇవ్వలేదు. బతికుండగా దొరికి ఉంటే బాధ తగ్గించేదేమో, దొరకలేదు. వెతకడం బాకీ తీర్చడమైతే, బాకీ పుచ్చుకునే ప్రాణి అక్కడ లేదు. అయినా వెతకడం మానేయవచ్చునని నేను అనలేను. వెతకనివాడికి తన బాణం కథలో కన్ను మాత్రమే మిగులుతుంది. వెతికినవాడికి కాళ్ళు మడుచుకుని వాగు ఒడ్డున పడుకున్న ఒళ్ళు, దాని వెచ్చదనం మిగులుతాయి. మళ్ళీ విల్లెత్తినప్పుడు ఆ రెండో మనిషి చెయ్యి కొంచెం ఎక్కువసేపు ఆగుతుందని నా ఆశ. ఆశే. అట్లా ఆగనివాళ్ళూ ఉంటారు. వెతికి దొరికించుకోవడంలో ఇంకో గొప్ప వెతుక్కుని ఫొటో దిగేవాళ్ళు కూడా ఉంటారు.

తప్పేనా అని అడిగినవాడికి నేను ఫోన్లో చెప్పింది ఇంతే. బాణం వదలడం తప్పా కాదా అన్నది నువ్వూ నీ అడవీ తేల్చుకోండి. రాత్రంతా ఆగడం తప్పు కాదు. పొద్దున పోకపోయి ఉంటే తప్పు. అది న్యాయమైన జవాబేనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చంపినవాడి మనసుని గురించి ఇంత మాట్లాడుకున్నాం, చచ్చినదాని గురించి ఎంత మాట్లాడాం అని మా చెల్లెలు అడిగింది. ఆమె మాటలో బలముంది.

జింకని అతను అక్కడే కోసి, మాంసం ఇంటికి తెచ్చాడు. మా చెల్లెలు ముట్టలేదు. అతనే వండుకున్నాడు, కడుపు దగ్గరి మాంసం చెడిపోయిందట, మిగతాది బాగుందట. ఈ ఏడాది విల్లు తీయలేదు. వాళ్ళ రాష్ట్రంలో గాయపడ్డ జింకని తాడు కట్టిన కుక్కతో వెతకడానికి ఒప్పుకుంటారు. వేరేవాళ్ళు కొట్టి జాడ పోగొట్టుకున్న జింకల్ని వెతికిపెట్టడానికి ఒక స్నేహితుడి కుక్కతో రాత్రిళ్ళు పోతున్నాడు. నాకిది బాగుంది. మా చెల్లెలికి బాగాలేదు. కొట్టేవాళ్ళకి ధైర్యమిచ్చే పనే కదా అది, వీడున్నాడు వెతకడానికని ఇంకా దూరం నుంచి కొడతారు అంటుంది. ఎట్లాగూ కొట్టేవాళ్ళు కొడతారు, అక్కడ పడి ఉన్నదాని మాటేమిటి అంటాను నేను. ఆదివారాలు ఫోన్ చేసుకున్నప్పుడల్లా ఈ మాట దగ్గరికే వస్తాం. ఇంకా తెగలేదు.